మా అన్న కారులో కిషన్‌బాగ్ దాకా

మా జగిత్యాల నుంచి హైదరాబాదు వెళ్లొచ్చినవాళ్లు చార్మినార్ గురించి చెబుతారు, లాడ్‌బజార్ గాజులు చూపిస్తారు, బిర్యానీ ఎక్కడ బాగుందో వాదించుకుంటారు. నేను మొన్న ఏప్రిల్‌లో మూడు రోజులు పాతబస్తీలో ఉండి వచ్చాను. గాజులు కొనలేదు. చార్మినార్‌ను ఆటోలోంచి మెడ తిప్పి చూశాను, అంతే. నేను వెళ్లింది ఒక కారు ఎక్కడానికి. గౌలిపుర నుంచి కిషన్‌బాగ్‌కు అయిదారు కిలోమీటర్లు ఉంటుంది. ఆ ప్రయాణం ఇరవై నాలుగేళ్ల కిందట మొదలై సగంలో ఆగిపోయింది. దాన్ని పూర్తి చేద్దాం రమ్మని మా అన్న ఫోన్ చేశాడు.

మా అన్న పేరు నర్సింగ్. సర్కారు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. గౌలిపురలో మా పుట్టింట్లోనే ఉంటాడు.

"చెల్లె, కారు ఇచ్చేస్తున్న," అన్నాడు ఫోన్లో. "ఇగ రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదన్నరు. తుక్కు సామాన్ల ఆయన గురువారం సాయంత్రం వచ్చి తీస్కపోతడు. నువ్వు మంగళవారం వరకు రావాలె."

"నేనెందుకన్నా? తొయ్యనీకా?"

అన్న నవ్వలేదు. "తొలుత ఎక్కింది నువ్వు. కిషన్‌బాగ్ దాకా తీస్కపోతనన్న గద. తీస్కపోకుండ ఎట్ల ఇస్త?"

ఆ కారు మీద జోకులేయడం మా ఇంట్లో అలవాటు. పెళ్లయినా, పురుడయినా నలుగురు కూర్చున్న చోట ఎవరో ఒకరు "నర్సింగన్న కారు కథ చెప్పు" అంటారు. చెప్పేది నేనే. చేతులు తిప్పుతూ, ఇంజన్ దగ్గును అనుకరిస్తూ బాగా చెబుతాను, నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ. అన్న కూడా అందరితో పాటు నవ్వేవాడు. ఈసారి నవ్వకపోయేసరికి మనసులో ఎక్కడో చివుక్కుమంది.

బస్సులో

కరీంనగర్‌లో ఒక పెద్దమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. సిద్దిపేట వచ్చేలోపు మూట విప్పి సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టింది. ఎక్కడికి, ఎందుకు అని అడిగింది. పనికిరాని కారు ఎక్కడానికని చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి తన కారు కథ ఎత్తుకుంది. ఒక సంగతి ఈ ప్రయాణంలోనే తెలుసుకున్నాను. చెడ్డ కారు గురించి ఒక మాట అంటే చాలు, కొత్తవాళ్లు కూడా చుట్టాలైపోతారు.

"మా ఆయన తెచ్చిన కారుకు నా పక్క తలుపు లోపటికెళ్లి తెరుసుకోకపోయేది బిడ్డా. ఆయన దిగి, అటుకెళ్లి ఉరికొచ్చి బయటికెళ్లి తీసెటోడు. వాడకట్టోళ్లందరు పెండ్లాన్ని రాణి లెక్క చూస్తుండనుకున్నరు. రిపేరు చేపిస్తనంటే నేనే వద్దన్న."

"ఇప్పుడేది ఆ కారు?"

"అమ్మేసినం. ఇప్పుడు కొత్తది ఉన్నది. నా తలుపు నేనే తీస్కుంట," అని కిటికీ వైపు తిరిగింది. నాకు ఇంకో సర్వపిండి ముక్క కావాలనిపించింది గానీ అడగలేకపోయాను.

గౌలిపుర, మొదటి రోజు

బస్టాండు నుంచి ఇంటికి ఆటో అతను మూడు వందలు అడిగాడు, రెండొందల యాభైకి ఒప్పుకున్నాడు. గల్లీ మొదట్లో దించాడు. దిగీ దిగగానే బర్రె పెండలో కాలు పెట్టాను. పుట్టింటికి వచ్చానని అప్పుడు నమ్మకం కలిగింది. మా చిన్నప్పుడున్నన్ని బర్రెలు ఇప్పుడు లేవు. అయినా రెండు మూడు ఇళ్ల ముందు ఇంకా కట్టేసి ఉన్నాయి. మా జగిత్యాలలో పొద్దున్నే పాల ప్యాకెట్లు గేటుకు తగిలించి పోతారు. ఇక్కడ చెంబు పట్టుకుని మనమే వెళ్లాలి. పాలాయన మన కళ్ల ముందే పిండుతాడు, నురగ దిగేదాకా ఆగి అప్పుడు కొలుస్తాడు. లీటరుకు మా ఊరి కంటే ఇరవై రూపాయలు ఎక్కువ. ఆ పాలతో పెట్టిన టీ తాగాక నేనేమీ అనలేకపోయాను.

కారు ఇంటి పక్క సందులో ఉంది. మబ్బు రంగు కారు, మీద పూల దుప్పటి కప్పి ఉంది.

"నేను అడిగితే పాత దుప్పటి ఇస్తడు, దానికి కొత్తది కప్పుతడు," అంది మా పద్మ వదిన. "నా పెండ్లయినప్పటి నుంచి గింత మంచిగ నన్ను ఎన్నడన్న చూసిండా అడుగు."

అన్న దుప్పటి మడతపెడుతూ వినిపించనట్టే ఉన్నాడు.

ఇక్కడ పాత సంగతి చెప్పాలి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. కిషన్‌బాగ్‌లో ఒక బడిలో తెలుగు టీచర్ పోస్టుకు ఇంటర్వ్యూ వచ్చింది. నెలనెలా జీతం, చివర్లో పింఛను ఉన్న పోస్టు. అదే వారం అన్న సెకండ్ హ్యాండ్‌లో ఈ కారు కొన్నాడు. మా గల్లీలో మొదటి కారు. తొలి ప్రయాణం నా ఇంటర్వ్యూకే అని ఇంట్లో అందరం అనుకున్నాం.

మా జగిత్యాలలో కొత్త బండితో నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి ఊరుకుంటారు. మా అమ్మకు దాని మీద ఇంకో పట్టింపు ఉండేది. కొత్త బండిలో ముందు ఇంటి ఆడబిడ్డ ఎక్కాలి. ఎక్కాక చేరాల్సిన చోటే దిగాలి. నడుమ దిగితే ఆ బండి ఇంటికి అచ్చిరాదు. ఆ పొద్దున అమ్మ నాకు బొట్టు పెట్టి, చెవిలో ఆ మాట మళ్లీ చెప్పి, ఎడమ పక్క సీట్లో కూర్చోబెట్టింది. గల్లీ అంతా గుమ్మాల్లో నిలబడి చూసింది.

మొఘల్‌పురా మలుపు దగ్గర కారు ఆగింది. వేడెక్కితే ఆగడం దాని రోగమని మాకు అప్పటికి తెలియదు. అన్న బానెట్ ఎత్తాడు. నేను సీట్లోనే ఉన్నాను. పదిన్నరకు ఇంటర్వ్యూ. పదయింది, పదిన్నరయింది, పదకొండయింది. పన్నెండింటికి అయిదుగురు మనుషులు కారును వెనక్కి తిప్పి గౌలిపుర దాకా తోసుకొచ్చారు. నేను లోపలే ఉన్నాను. నేను కథ చెప్పేటప్పుడు "పల్లకీలో ఊరేగించినట్టు తెచ్చిన్రు నన్ను" అంటే అందరూ పడిపడి నవ్వుతారు. పోస్టు ఇంకెవరికో పోయిందన్న మాట మాత్రం ఆ కథలో ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాతి ఏడాది నా పెళ్లయింది. జగిత్యాలలో ప్రైవేటు బడుల్లో చేశాను, ఒకటి మూతపడితే ఇంకొకటి. ఇంట్లో ట్యూషన్లు చెప్పాను. బాధ లేదని అబద్ధం చెప్పను. ఒకటో తారీకు వచ్చినప్పుడల్లా ఆ కారు గుర్తొచ్చేది.

మొఘల్‌పురా, రెండో రోజు

పొద్దున బండి దగ్గర ఉప్మా దోసె తిన్నాం. నలభై అయిదు రూపాయలు. దోసె మీద ఉప్మా పెట్టి, దాని మీద వెన్న వేసి, మళ్లీ కారం చల్లి ఇస్తారు. మా ఊళ్లో అయితే అది ముగ్గురి టిఫిను. అన్న కారును మెల్లగా నడిపి మొఘల్‌పురాలో మహబూబ్ భాయ్ దుకాణం ముందు ఆపాడు. ఎండ ఎక్కకముందే బయలుదేరాం కాబట్టి ఆగకుండా వచ్చింది.

మహబూబ్ భాయ్‌కి అరవై దాటాయి. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, చేతుల నిండా గ్రీజు. ఆ మొదటి రోజు మలుపు దగ్గర కారు ఆగినప్పుడు పరుగెత్తుకొచ్చిన మెకానిక్ ఇతనే. ఆనాటి నుంచి ఈ కారుకు డాక్టరు.

"ఆయియే బాజీ," అని అక్కను పిలిచినట్టు పిలిచి స్టూలు తుడిచి వేశాడు. "మంచి గాడీలు నా దుకాన్ మొఖం చూడయి. నాకు ఇల్లు కట్టించినయి గిట్లాంటి గాడీలే."

అన్న పంపు గురించి, తడిగుడ్డ గురించి ఏదో అడిగాడు. ఈ కారులో ఎప్పుడూ ఒక నీళ్ల సీసా, ఒక పాత గుడ్డ ఉంటాయి. వేడెక్కి ఆగినప్పుడు ఇంజన్‌కు పెట్రోల్ అందించే పంపు మీద తడిగుడ్డ వేసి, అది చల్లారే దాకా కూర్చోవాలి. మహబూబ్ భాయ్ పంపు విప్పి పక్కన పెట్టాడు. అన్న ఇరానీ చాయ్ తెస్తానని వెళ్లాడు.

అన్న మలుపు తిరిగే దాకా మహబూబ్ భాయ్ చూశాడు. అప్పుడు పానా కింద పెట్టాడు.

"బాజీ, ఒక మాట. నారాజ్ కావద్దు. ఆ రోజు నేను ఆటో ఆపిన, యాదుందా?"

తల ఊపాను.

"మీ తలుపు పక్కకే ఆపిన. 'బాజీ, దేర్ ఐతుంది, మీరు పోండి' అన్న. మీరు వద్దని తల అడ్డంగ ఊపిన్రు. ఆటోవాలా లొల్లి చేసి పోయిండు. నర్సింగ్ భాయ్ బానెట్ల తల పెట్టి ఉండె. నేను ఆయనకు ఇప్పటిదాక చెప్పలే."

"ఎందుకు చెప్పలే భాయ్?"

"ఎట్ల చెప్పాలె? చెప్తే ఇంకింత కుములుతడు. మీకు ఆయన పరేషానీ తెల్వదు. నెలకొకసారి వస్తడు. ఒక్కటే మాట. 'మహబూబ్ భాయ్, ఒక్కసారి కిషన్‌బాగ్ దాకా ఆగకుండ పోయేటట్టు చెయ్యి, చెల్లెను తీస్కపోవాలె.' కొత్త గాడీ కొనమని ఎన్నిసార్లు చెప్పిన. ఈ పని కాకుండ ఇంకో గాడీ కొననన్నడు."

నేను మా అన్న పీనాసి అనుకునేదాన్ని. అందుకే ఆ డొక్కు కారు వదలడం లేదని నలుగురిలో చెప్పి నవ్వించేదాన్ని కూడా. పెళ్లిళ్లలో నేను ఇంజన్ దగ్గు అనుకరిస్తుంటే మూలన కూర్చుని నవ్విన అన్న ముఖం కళ్ల ముందుకు వచ్చింది. ఆ స్టూలు మీదే సిగ్గుతో చచ్చిపోయాను. నాకు ఆ రోజు ఆటో దొరికింది. తలుపు పక్కనే ఆగింది. దిగితే పదిన్నరకు ముందే చేరేదాన్ని. అమ్మ మాట ఒకటి, తొలి రోజే నేను కారు దిగి ఆటో ఎక్కితే అన్న ముఖం ఏమవుతుందోనన్న బాధ ఒకటి, రెండూ కలిసి నన్ను కదలనివ్వలేదు. ఆ తర్వాత తప్పంతా కారు మీద వేసి బతికాను. అన్న ఆ తప్పును తన మీద వేసుకున్నాడు.

ఈ మాట అన్నకు చెప్పాలనుకున్నాను. ఇంతలో అన్న మూడు గ్లాసులు వేళ్ల మధ్య పట్టుకుని జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చాడు. "నీకు మలాయి ఎక్కువ వేపిచ్చిన చెల్లె," అన్నాడు. చెప్పలేకపోయాను.

వెళ్లేటప్పుడు మహబూబ్ భాయ్ అన్నతో, "రేపు ఎండ ముదరకముందే బయలెల్లుండ్రి. చల్లగున్నంతసేపు మస్తు ఉరుకుతది. గరమైందంటే నా జిమ్మేదారి లేదు," అన్నాడు.

మూడో రోజు, జూ పార్కు గోడ పక్కన

ఎనిమిదింటికి బయలుదేరాలనుకున్నాం. వదిన పూజ తెమిలేసరికి తొమ్మిదిన్నరయింది. టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, అద్దానికి బంతిపూల దండ, నాకు బొట్టు, డిక్కీలో కొబ్బరికాయ.

"సాయంత్రం తుక్కుకు పోయేదానికి పూజేందమ్మా?" అని పాలాయన నవ్వాడు.

"మా ఆడబిడ్డ ఎక్కుతుంది గద. పూజ ఆమెకు," అంది వదిన.

నేను ఎడమ పక్క సీట్లో కూర్చున్నాను. సీటు గుడ్డ మారింది గానీ అద్దం దించే హ్యాండిల్ అదే, సగం తిప్పాక పట్టేసే అలవాటు కూడా అదే. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మొఘల్‌పురా మలుపు వచ్చినప్పుడు ఇద్దరం ఊపిరి బిగబట్టాం. మహబూబ్ భాయ్ దుకాణం మెట్టు మీద నిలబడి చెయ్యి ఎత్తాడు. కారు మలుపు దాటింది. అన్న ముఖం చూడాలి మీరు, చిన్నపిల్లవాడిలా వెలిగిపోయింది. శాలిబండ దగ్గర ట్రాఫిక్‌లో పావుగంట ఇరుక్కున్నాం. నేను ఏదేదో మాట్లాడుతున్నాను, అన్న ఊఁ కొడుతున్నాడు. కళ్లు మాత్రం వేడి చూపించే ముల్లు మీదే ఉన్నాయి.

బహదూర్‌పురా దాటి, జూ పార్కు గోడ పక్కకు వచ్చాక ఇంజన్ దగ్గింది. నేను పెళ్లిళ్లలో అనుకరించే దగ్గే. రెండుసార్లు కుదిపి, రోడ్డు వారకు చేరి కారు ఆగిపోయింది. టైము పదీ పది.

అన్న స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పేయాలని నోరు తెరిచాను. ఈలోగా దిగాడు. బానెట్ ఎత్తుతాడనుకున్నాను, ఎత్తలేదు. రోడ్డు మీదికి వెళ్లి చెయ్యి అడ్డం పెట్టి ఒక ఆటోను ఆపాడు. ఇటువైపు వచ్చి నా తలుపు తీశాడు.

"దిగు చెల్లె."

"నడిమిట్ల దిగొద్దు గదన్నా. అమ్మ చెప్పలేదా?"

"దిగు. పదిన్నరకు నువ్వు ఆడ ఉండాలె." తలుపు పట్టుకునే ఉన్నాడు. నా వైపు చూడలేదు. "ఆ రోజు గూడ ఆటో ఆగింది. చూసిన నేను. బానెట్ పక్కకెళ్లి ఆటో చక్రం కనబడ్డది, మహబూబ్ భాయ్ చెప్పులు కనబడ్డయి. 'పో చెల్లె' అనాలె. అనలే. ఇంకొక్క నిమిషంల స్టార్టయితదనుకున్న. తొలి దినమే నువ్వు దిగి ఆటోల పోతే గల్లీల నా ఇజ్జత్ పోతదనుకున్న. నా ఇజ్జత్ కోసం నీ నౌకరి పోగొట్టిన."

ఇరవై నాలుగేళ్లుగా నేను ఒక్కదాన్నే దాచుకున్నాననుకున్న ఆటో అది.

"నువ్వు పొమ్మన్నా నేను పోయేదాన్ని కాదన్నా," అన్నాను. "నీ మొఖం చిన్నగైతదని నేనే తల ఊపిన. మహబూబ్ భాయ్ పొమ్మన్నడు. నేనే పోలే."

అన్న అప్పుడు నా వైపు చూశాడు. కళ్లనిండా నీళ్లున్నాయి. నాకూ అంతే. ఆటో అతను హారన్ కొట్టాడు.

"అమ్మా, ఎక్కుతరా? ఏడుసుడు అయినంక పిలుస్తరా?"

నేను కారు దిగాను.

కిషన్‌బాగ్

"అన్నకు కారుండంగ ఆటో ఎందుకమ్మా?" అని దారిలో ఆటో అతను అడిగాడు.

"ఆ కారు ఎక్కితే తెలుస్తది నీకు," అన్నాను. అతనూ మొదలుపెట్టాడు. ఒకప్పుడు వాళ్ల మేనమామ కారు నడిపేవాడట. దాని హారన్ స్టీరింగ్ ఎడమ వైపు తిప్పినప్పుడే మోగేదట, కుడి వైపు తిరిగేటప్పుడు మామ తల బయటపెట్టి అరిచేవాడట. నేను కళ్లు తుడుచుకుంటూనే నవ్వాను. తొమ్మిది నిమిషాల్లో దించాడు. ఎనభై రూపాయలు. అంత దగ్గర.

బడి మూడంతస్తుల భవనం. ఒంటిపూట బడులు కాబట్టి పిల్లలు లోపలే ఉన్నారు. గేటు దగ్గర ఒక ఆయమ్మ కుర్చీ వేసుకుని చింతకాయ చీకుతోంది. గోడ గడియారంలో పదీ ఇరవై మూడు.

"ఎవరు కావాలమ్మా?"

"ఇంటర్వ్యూకొచ్చిన," అన్నాను. నా నోటికి అదే వచ్చింది.

"ఇప్పుడు పోస్టులేం లేవు గద?"

"తెల్సు. జర ఈడ నిలబడనియ్యి."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో, లేచి తన కుర్చీ ఇచ్చింది. కింద గదిలో పిల్లలు గుణింతాలు చదువుతున్నారు. కాకు దీర్ఘమిస్తే కా. గొంతును బట్టి వాళ్ల టీచరు నాకంటే చాలా చిన్నది. ఆ గదిలో నేను నిలబడి ఉంటే ఎలా ఉండేదో పదిన్నర దాటే దాకా తనివితీరా ఊహించుకున్నాను. ఏడ్చాను కూడా. ఆయమ్మ ఏమీ అడగకుండా ఇంకో చింతకాయ చేతిలో పెట్టింది.

పదకొండు దాటాక వీధి చివర మబ్బు రంగు కారు కనిపించింది. నడిచే మనిషికంటే కొంచెం వేగంగా వస్తోంది. అద్దానికి బంతిపూల దండ ఊగుతోంది. అన్న ఇస్త్రీ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గేటు ముందు ఆపి, దిగి, బానెట్ మీద చెయ్యి వేశాడు.

"వచ్చింది చెల్లె," అన్నాడు.

"ఈ కారు కోసమా ఇంతసేపు చూసినవ్?" అంది ఆయమ్మ.

కొబ్బరికాయ అన్న నన్నే కొట్టమన్నాడు. టైరు ముందు కొట్టాను. సమంగా పగిలింది. ఒక చెక్క ఆయమ్మకు ఇచ్చాం. రెండోది ఇద్దరం గేటు పక్కన నిలబడి తిన్నాం.

"నడిమిట్ల దిగితే అచ్చిరాదు అన్నది గదా అమ్మ," అన్నాను.

"సాయంత్రం తుక్కుకు పోయే బండికి ఇంకేం అచ్చిరావాలె," అన్నాడు అన్న. ఈసారి నవ్వాడు. నేను ఏ పెళ్లిలోనూ నవ్వించలేనంతగా నవ్వాడు.

మళ్లీ గౌలిపుర

తిరుగుదారిలో ఒకసారి ఆగింది. తడిగుడ్డ నేనే వేశాను. సాయంత్రం తుక్కు ఆయన వచ్చాడు గానీ అతని లారీ మా సందులోకి పట్టలేదు, గల్లీ చివర ఆపాడు. కారును అక్కడిదాకా తేవాలన్నాడు. అన్న తాళం తిప్పాడు. అది దగ్గింది, అంతే. ఇంకోసారి తిప్పితే అది కూడా లేదు. అన్న దిగబోయాడు.

"కూసోన్నా," అన్నాను.

అన్న స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. నేను, వదిన, పాలాయన వెనక నుంచి తోశాం. గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. లారీ దాకా మేము అన్నను దిగనివ్వలేదు.